పీటల మీద ముందు గ్రే కార్డు కూర్చోవాలి

కెమెరా చేతికొచ్చిన రోజే వైట్ బ్యాలెన్స్ మెనూ తెరిచి ఆటోను వదిలించుకోండి. మళ్లీ దాని జోలికి వెళ్లకండి. పెళ్లి ఫొటోలు తీయడానికి బయల్దేరే ప్రతి కుర్రాడికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. లెన్సుల సంగతి, డ్రోన్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆటో ఏం చేస్తుందో నలుగు పెట్టే చోట కనిపెట్టి చూడండి. పెళ్లికూతురి చెంపల మీద పసుపు, మోచేతుల దాకా పసుపు, కట్టుకున్నది పసుపు చీర, వెనకంతా బంతిపూల దండలు. ఫ్రేములో ఇంత పసుపు కనబడేసరికి ఆటో దాన్ని వెలుతురు దోషం అనుకుంటుంది. బల్బు కాంతి వల్ల అంతా ఇలా వచ్చిందనుకుని, సరిదిద్దబోయి నీలం వైపు లాగుతుంది. పసుపు కాస్తా పాలిపోతుంది. ఇంతలో మేనత్త నీలం చీరతో వచ్చి పక్కన కూర్చుంటుంది. లెక్క మళ్లీ మారుతుంది. గది అదే, వెలుతురు అదే, అమ్మాయి అదే. ముఖం మాత్రం ఫొటో ఫొటోకీ ఒక రంగు. ఆల్బమ్‌లో ఎదురెదురు పేజీల్లో ఈ రెండూ పడ్డాయనుకోండి, చూసేవాళ్లు "ఇందులో పిల్లకి ఒంట్లో బాగున్నట్టు లేదేమిటే" అంటారు. ఆ మాట పడాల్సింది పిల్ల కాదు, మీరు.

ఈ పనిలో నేను నమ్మింది ఒక్కటే. ఒంటి రంగు మనిషిది, చీర రంగు నేసినవాడిది. వెలుతురు వస్తుంది, పోతుంది; వాళ్ల రంగు మీద దానికి ఏ హక్కూ లేదు. వెలుతురు ఎంత పూసిందో కొలిచి, అంతా తీసేసి, ఎవరి రంగు వాళ్లకు అప్పజెప్పడమే కస్టమ్ వైట్ బ్యాలెన్స్. అందుకు పెళ్లి కాసేపు ఆగాల్సి వస్తే ఆగనివ్వండి.

ముందు సరుకు. 18 శాతం కాంతిని తిప్పికొట్టే బూడిదరంగు కార్డు ఒకటి కొనండి. జేబులో పట్టేది కాదు, అరచేతికి రెండింతలు ఉన్నది. డబ్బులెందుకు దండగ, తెల్లగుడ్డ చాలదా అంటారు. చాలదు. పెళ్లింట్లో తెలుపుకి కొదవ ఉండదు: పంతులుగారి పంచె, అడ్డుతెర, మధుపర్కాలు, పాలగిన్నె కింద పరిచిన తువ్వాలు. అందులో ఏదీ నమ్మదగ్గది కాదు. సబ్బుపొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలిబుచ్చుతాయి. ఎండలో ఆ కాంతి బాగా ఉంటుంది కాబట్టి పంచె నీలంగా మెరుస్తుంది. హాల్లో ఎల్‌ఈడీ కింద అది దాదాపు ఉండదు కాబట్టి మెరవదు. పైన నీలిమందు పెట్టిన ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు. అలాంటి గుడ్డను చూపించి "ఇదే తెలుపు" అని కెమెరాకు చెబితే, అది గుడ్డలోని నీలాన్ని తుడవడానికి ఫొటో అంతటా పసుపు పోస్తుంది. జిరాక్స్ కాగితానిదీ ఇదే కథ. పైగా తెల్లటి వస్తువు మీద ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే ఏదో ఒక రంగు పొంగి పొర్లిపోతుంది, కొలత అక్కడే చెడుతుంది. బూడిదరంగుకు ఆ బెడద లేదు.

ఇక కొలిచే పద్ధతి. కానన్ వాడేవాళ్లు లెన్సును మాన్యువల్ ఫోకస్‌లో పెట్టుకోండి, ఎందుకంటే ఏ గీతా లేని కార్డు మీద ఆటో ఫోకస్ పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉంటుంది. ఫోకస్ కుదరకపోయినా ఫరవాలేదు, రంగు కొలతకు అది అడ్డం కాదు. వ్యూఫైండర్ మధ్యలో ఉన్న వలయం నిండేలా కార్డును పట్టించి, మామూలు ఎక్స్‌పోజర్‌తో ఒక ఫొటో తీయండి. మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లోకి వెళ్లి ఆ ఫొటోను ఎంచుకుని సెట్ నొక్కండి. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని లేచిపోతారు. అయిపోలేదు. వైట్ బ్యాలెన్స్ గుర్తుల్లో కస్టమ్ గుర్తు మీదకు విడిగా మార్చుకోవాలి, లేకపోతే కొలిచింది కొలిచినట్టే ఉంటుంది, కెమెరా పాత లెక్కతోనే తీస్తుంది. నికాన్‌లో పద్ధతి వేరు. డబ్ల్యూబీ బటన్ పట్టుకుని డయల్ తిప్పి పీఆర్ఈ అనే అక్షరాల దగ్గర ఆపాలి. ఒకసారి వదిలి, ఆ అక్షరాలు మినుకుమినుకుమనే దాకా మళ్లీ నొక్కి పట్టుకోవాలి. మినుకుతున్నప్పుడే కార్డు వైపు చూపి షట్టర్ నొక్కితే, ఫొటో ఏదీ దాచుకోకుండా కొలత మాత్రం తీసుకుంటుంది. తెర మీద జీడీ అని వస్తే కుదిరినట్టు, నో జీడీ అని వస్తే వెలుతురు మరీ తక్కువో ఎక్కువో అయినట్టు. డీ750 లాంటి వాటిలో ఇలాంటి కొలతలు ఆరు దాచుకోవచ్చు. ఆరూ నింపండి: వంటగది, గౌరీపూజ గది, మండపం ఎడమ పీట, కుడి పీట, భోజనాల వరస, చెప్పులు విడిచే చోటు. చెప్పుల దగ్గర ఏముంటుందని అడక్కండి. మరదళ్లు పెళ్లికొడుకు చెప్పులు దాచేది అక్కడే.

ఇవన్నీ చేస్తూ షట్టర్ వేగం మాత్రం మర్చిపోవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, ఆ పెరిగి తగ్గడంలో రంగు కూడా మారుతుంది. సెకనులో 500వ వంతుతో కార్డును తీశారంటే ఆ అలలో ఏదో ఒక ముక్క రంగును కొలిచారన్నమాట. మరుసటి ఫొటోకు అది వర్తించదు. 50వ వంతు దగ్గర పెట్టండి. ఫొటోలు కూడా అంతకు మించి వేగంగా తీయకండి. తలంబ్రాల బియ్యం గాలిలో ఆగినట్టు రాదు, గీతలుగా వస్తుంది అంటారు. రానివ్వండి. గీత పసుపురంగులో ఉందా లేదా అన్నదే నేను చూసేది. కానన్ 2014లో తెచ్చిన 7డీ మార్క్ 2 ఈ మినుకును కనిపెట్టి, వెలుతురు పెరిగిన క్షణంలోనే షట్టర్ తెరుస్తుంది. అది ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అయినా 50వ వంతులోనే ఉండండి.

కార్డును ఎక్కడ పట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. మీ చేతిలో పట్టుకుని మీ ముందు కొలిస్తే మీ దగ్గరి వెలుతురు తెలుస్తుంది. మనకు కావలసింది ఆమె ముఖం మీది వెలుతురు. కార్డు ఆమె గడ్డం కింద ఉండాలి, మీ వైపు చూడాలి. పైకి వాలితే సీలింగు రంగు తాగుతుంది, కిందికి వాలితే చీర రంగు తాగుతుంది. ఎర్రచీర ఒళ్లో ఉంటే ఆ ఎరుపు గడ్డం కింది దాకా వస్తుంది, చూడండి కావాలంటే. "అమ్మా, ఒక్క నిమిషం, ఇది ఇలా నిటారుగా పట్టుకోండి" అని మర్యాదగా ఇవ్వండి. చేతుల నిండా గోరింటాకు, కొబ్బరిబోండాం ఉన్నాయంటే తోడిపెళ్లికూతురికి ఇవ్వండి. "ఫొటోలెప్పుడు తీస్తావు బాబూ, ఇందాకట్నుంచీ అట్ట తీస్తున్నావు" అని బామ్మగారు అంటారు. "మీ మనవరాలి రంగు కోసమే బామ్మగారూ" అనండి. నిజం కాబట్టి గొంతులోనే తెలిసిపోతుంది.

జీలకర్ర బెల్లం దగ్గరే అసలు పరీక్ష. అప్పటిదాకా ఒక రకంగా ఉన్న వెలుతురు ఆ ఒక్క నిమిషంలో పూర్తిగా మారిపోతుంది. వీడియో అన్న లైటు పైకెత్తుతాడు. వెనక నుంచి బంధువులు ఫోన్ లైట్లు వేస్తారు. మధ్యలో అడ్డుతెర ఉంది కదా, అది తనమీద పడ్డ వెలుతురును ఇద్దరి ముఖాల మీదికీ చెరో రకంగా చల్లుతుంది. తెర దిగీ దిగగానే అదీ పోతుంది. అంటే ఆ వెలుతురు ముహూర్తానికి ముందు ఉండదు, తర్వాత ఉండదు. కొలిస్తే అప్పుడే కొలవాలి. కాబట్టి తెర దిగకముందే, అమ్మాయి చెయ్యి అబ్బాయి నెత్తిమీదికి వెళ్లేలోగా, మీ అసిస్టెంటు పీటల కింద నుంచి కార్డును ఇద్దరి మధ్యకు లేపాలి. ముందు అమ్మాయి వైపు, తర్వాత అబ్బాయి వైపు. ఘడియ దాటిపోతుందని పంతులుగారు కోప్పడతారు, అది వారి ధర్మం. అందుకే ఈ మాట పెళ్లిరోజు చెప్పకండి. లగ్నపత్రిక రాసుకునే నాడే ఫొటోగ్రాఫరు వెళ్లి కూర్చోవాలి. "పంతులుగారూ, సుముహూర్తంలో కార్డుకు ఒక నిమిషం కలుపుకుని చూడండి" అని చేతులు జోడించి అడగాలి. వారు తారాబలం, చంద్రబలం చూస్తారు. మనం వెలుతురు బలం అడుగుతున్నాం.

దీపాల సంగతికి వస్తే మీ మీద ఒత్తిడి బాగా ఉంటుంది. ప్రమిద వెలుగులో ముఖం బంగారు రంగులో ఉంటే ఎంత బాగుంటుందో అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. దీపం వెలుగు రమారమి 1900 కెల్విన్, మధ్యాహ్నపు ఎండ 5500. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ ఎరుపు, పెరిగేకొద్దీ నీలం. కెమెరాల్లో ఆటో సాధారణంగా 3000 దగ్గరో 3500 దగ్గరో చేతులెత్తేస్తుంది, అందుకే దీపం ఫొటోలు అంత నారింజగా వస్తాయి. మీరు చూసి మెచ్చుకునేది ఆటో ఓటమిని. కంటి సంగతి వేరు. యోహానెస్ ఫాన్ క్రీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1902లో దీన్ని లెక్కలో పెట్టాడు: కంట్లో మూడు రకాల గ్రాహకాలున్నాయి, ముందున్న వెలుతురును బట్టి ప్రతిదీ తన బలాన్ని విడిగా సవరించుకుంటుంది. కెమెరా కూడా ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను వేరువేరు అంకెలతో గుణించి ఇదే పని చేస్తుంది. దీపం దగ్గర మన కన్ను ఈ సవరింపు సగంలో ఆపేస్తుంది, కొంత పసుపు మిగిలిపోతుంది. కన్ను సగంలో వదిలేసిన పనిని కార్డుతో మనం పూర్తి చేయాలి. గౌరీపూజ దగ్గర ప్రమిదకు దగ్గరగా కార్డు పట్టి, నో జీడీ అంటే ఐఎస్ఓ పెంచి మళ్లీ ప్రయత్నించండి. కుదిరిందా, చీర అంచులో వంగపండు రంగు ఒక్కసారిగా బయటపడుతుంది. దీపంలో నీలం చాలా తక్కువ కాబట్టి కెమెరా ఆ కాస్త నీలాన్నీ పదింతలు లాగాలి, దానివల్ల నీడల్లో ఇసుక చల్లినట్టు నీలి చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్ని భరించండి. దీపం మంట తెల్లగా, ఒక్కోసారి నీలంగా కూడా రావచ్చు. దీపాన్ని ఎవరూ ఆల్బమ్‌లో వెతుక్కోరు. చీరను వెతుక్కుంటారు.

హారతికీ ఇదే సూత్రం, కాకపోతే కర్పూరం ఆగదు. రెండు బిళ్లలు అదనంగా వేయమనండి.

షామియానా దగ్గర జాగ్రత్త. పల్లెలో పొద్దున పెళ్లిళ్లకు ఎరుపు, పసుపు, నీలం చారల షామియానా వేస్తారు. ఎండ ఆ గుడ్డలోంచి దిగి, ఎర్ర చార కింద కూర్చున్న బాబాయిని ఎర్రగా, నీలం చార కింద కూర్చున్న పిన్నిని నీలంగా చేస్తుంది. ఇద్దరినీ ఒకే ఫొటోలో తీస్తే ఏ కార్డూ ఇద్దరికీ న్యాయం చేయలేదు. కార్డు ఒక్క వెలుతురుకే జవాబు చెప్పగలదు. దీనికి మందు పెళ్లికి ముందే ఉంది: తెల్లగుడ్డ షామియానా మాట్లాడించండి. కుదరకపోతే పీటలు ఒకే చార కిందికి జరిపించి, ఫొటోలో ఉండాల్సిన దగ్గరివాళ్లను కూడా ఆ చార కిందే వరసగా కూర్చోబెట్టండి. పందిరి పొడవునా ఒకరి వెనక ఒకరుగా అవుతారు, ముఖాలు కొన్ని కనబడవు. కనబడే ముఖాలన్నీ మాత్రం తమ రంగులో ఉంటాయి. తాటాకు పందిరి వేసుకున్న ఇంట్లో ఈ బాధ లేదు. ఆకుపచ్చ కాస్త ఉంటుంది గానీ అందరికీ సమంగా ఉంటుంది. తాటాకు వేయించిన పెళ్లిపెద్ద కనబడితే నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను.

ఫంక్షన్ హాల్ రిసెప్షన్లలో పార్ లైట్లు వస్తాయి. ఇవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం బల్బులతో గులాబీనీ ఊదానీ చేసి స్టేజీ మీద తిప్పుతూ ఉంటాయి. పక్కన వీడియో లైటు. ఒకప్పటి హాలోజన్ అయితే 3200 కెల్విన్, ఇప్పటి ఎల్‌ఈడీ అయితే 5600 దాకా. పైన హాలు బల్బులు 3000. ఇన్ని వెలుతుర్ల నడుమ నిలబడ్డ జంటకు కొలత తీయడం కుదరని పని. నీలం ఒక్కటే పడుతున్న ముఖంలో కార్డు ఏమీ తేలేదు, ఎందుకంటే అక్కడ ఎరుపు అసలు లేదు. లేనిదాన్ని గుణిస్తే సున్నా. కాబట్టి స్టేజీ ఎక్కే ముందే లైట్ల తమ్ముడితో స్నేహం చేసుకోండి. అతను వినకపోతే మెయిన్ స్విచ్ దగ్గర మీ మనిషిని పెట్టండి. ఒక్కొక్క కుటుంబం కానుక ఇచ్చి ఫొటోకు నిలబడ్డప్పుడల్లా లైట్లు ఆర్పి, హాలు బల్బులు మాత్రం ఉంచి, కార్డు చూపి, తీసి, మళ్లీ వెలిగించవచ్చు. ఫ్లాష్ వాడక తప్పకపోతే దాని ముందు నారింజరంగు జెల్ పేపరు తగిలించి హాలు బల్బుల రంగుకు దింపండి. సీలింగుకు కొట్టి వంచకండి, సీలింగు రంగంతా నెత్తిమీద పడుతుంది.

ఊరేగింపు దారి మీరే నిర్ణయించాలి. సోడియం దీపాలున్న వీధిలో పసుపు తప్ప మిగతా రంగులు దాదాపు ఉండవు. కార్డు బూడిదరంగులోకి వస్తుంది గానీ చీరలన్నీ కూడా బూడిదరంగులోకే వస్తాయి. ఇప్పుడు చాలా వీధులకు ఎల్‌ఈడీలు వచ్చాయి. రాని వీధులేవో ముందు రోజు రాత్రే నడిచి చూసుకుని, దారి కొంచెం చుట్టయినా సరే, ఎల్‌ఈడీ వీధిలోంచి బండిని తిప్పించండి.

ఒక విషయం మన ఆడవాళ్లను చూసి నేర్చుకోవాలి. బట్టల కొట్లో పెద్దావిడ చీర నచ్చాక ఏం చేస్తుంది? మడత విప్పకుండానే చంకలో పెట్టుకుని గుమ్మం దాకా నడుస్తుంది. సేల్స్ కుర్రాడు "అమ్మా, ఇక్కడ లైటు బాగానే ఉందండీ" అంటూ వెనకే వస్తాడు. ఆవిడ వినదు. గుమ్మంలో అంచు ఒక జానెడు బయటికి తీసి, ఎండ పడేలా పట్టుకుని, వేలితో అటూ ఇటూ తిప్పుతుంది. నెమలికంఠమన్నది ఎండలో ఆకుపచ్చకు తిరుగుతుందా, నీలానికి తిరుగుతుందా అని. తిరగాల్సిన వైపు తిరిగితేనే బేరం. ఆమె చేస్తున్నది సిసలైన రంగు పరీక్ష. జాకెట్టు ముక్క కోసం మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లినప్పుడూ ఇదే అవసరం. రెండు వేర్వేరు అద్దకాలు ట్యూబ్‌లైటు కింద ఒక్కటిగా కనబడి, ఎండలోకి రాగానే చెరో దారి పట్టొచ్చు. ఈ తేడా ఒకసారి బట్టలోకి వచ్చాక ఏ వైట్ బ్యాలెన్సూ కలపలేదు. అందుకని పెళ్లి బట్టలకు వాళ్లు వెళ్లినప్పుడు మీరూ వెళ్లండి. కార్డు, కెమెరా పట్టుకెళ్లి ప్రతి జాకెట్టు ముక్కనూ చీర పక్కన పెట్టి కొట్లోనూ, గుమ్మంలోనూ తీయండి. పిలవని పేరంటం అనుకోకండి. తర్వాత ఆల్బమ్‌లో ఆ జాకెట్టు మాసిపోయినట్టు వస్తే ఎవర్నంటారు?

రా ఫైళ్ల గురించి అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. రాలో తీస్తే వైట్ బ్యాలెన్స్ కెమెరా మీద ఆధారపడదు, అది ఫైలుకు కట్టిన చీటీ మాత్రమే, ఇంటికొచ్చాక ఎలాగైనా మార్చుకోవచ్చు. ఇది అక్షరాలా నిజం. అందుకే నేను రా వద్దంటాను. రెండు వారాల తర్వాత స్టూడియోలో తలుపులేసుకుని కూర్చున్న డిజైనర్‌కు ఆ అంచు దానిమ్మగింజ రంగో, ఇటికరాయి రంగో ఎలా తెలుస్తుంది? తన మానిటర్ మీద ఏది బాగుంటే అదే చేస్తాడు. ఒక ఫ్రేములో కార్డు పెట్టి తీసుకుని తర్వాత దాన్నిబట్టి సరిచేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు. కానీ తర్వాత చూసుకోవచ్చని తెలిసిన చెయ్యి ఇప్పుడు చూడదు. అది ఉప్పు చూడకుండా కూర దించడమే. జేపెగ్‌లో తీయండి, రా పక్కన దాచుకోకండి. తప్పితే ఇక దారి లేదని తెలిసినవాడే కార్డును నిటారుగా పట్టిస్తాడు.

నేను ఇంత పట్టుబట్టేది ముఖ్యంగా ఒంటి రంగు కోసం. మన ఆల్బమ్‌లలో పెళ్లికూతుళ్లందరూ ఒకే తెలుపు. చామనచాయ పిల్లను ఎడిటింగ్‌లో తెల్లగా రుద్దేస్తారు, మెడ దగ్గర, చేతుల దగ్గర అసలు రంగు మిగిలిపోతుంది. ముఖం ఒకరిది, చేతులు ఇంకొకరివి అన్నట్టుంటుంది. గాజుల పైన ముంజేతి రంగును, నుదుటి రంగును పక్కపక్కన పెట్టి చూస్తే దొంగతనం దొరికిపోతుంది. వాళ్లమ్మ ఆ ఫొటో చూసి "బాగా వచ్చిందండీ" అంటుంది గానీ, ఆ పిల్ల పేజీ తిప్పేస్తుంది. చామనచాయలో ఉండే ఎరుపు, తేనెరంగు, నుదుటి మీద మెరుపు, ఇవన్నీ సరైన కొలతలో ఎంత నిండుగా వస్తాయో చూసినవాడు ఇక తెలుపు చేయమంటే చేయలేడు. "కొంచెం ఫెయిర్‌గా చేయండి" అని అబ్బాయి తరఫువాళ్లు అడిగితే కుదరదని చెప్పండి. కార్డు చూపించండి. పెళ్లికి ఒప్పుకున్నప్పుడు చూసిన రంగు ఇదే కదండీ అని అడగండి. బేరం పోతే పోనివ్వండి.

ప్రీ వెడ్డింగ్‌కు గోదావరి గట్టు మీదికి తీసుకెళ్లమంటారు, సాయంత్రం నారింజ వెలుగు కావాలంటారు. తీసుకెళ్లండి. వెళ్లాక పడమటి వెలుగు పడేలా కార్డు పట్టించి కొలవండి. అస్తమించే సూర్యుడి కాంతి మధ్యాహ్నపు కాంతిగా మారిపోతుంది, దానికి బదులుగా నీడలు, తూర్పు ఆకాశం నీలంలోకి దిగుతాయి. ఇందుకేనా ఇంత దూరం వచ్చాం అంటాడు పెళ్లికొడుకు. "బాబూ, సూర్యాస్తమయం రేపూ ఉంటుంది. అమ్మాయి కట్టుకున్న ఈ ఉప్పాడ చీర రంగు చూడు" అనండి. వెలుగు దిగిపోతూ క్షణక్షణం మారుతుంది కాబట్టి ప్రతి అయిదారు ఫొటోలకూ కార్డు మళ్లీ రావాలి. ఆ అమ్మాయి చేతిలోనే ఉంచేస్తే సులువు.

కార్డును పెళ్లింట్లో కాపాడుకోవడం తేలిక్కాదు. ప్లాస్టిక్ కవరులో పెట్టి అసిస్టెంటు మెడలో వేలాడదీయండి, భోజనానికి కూర్చున్నప్పుడు కూడా తియ్యొద్దు. గంధం గిన్నెకు, అక్షింతల పళ్లేనికి దూరం ఉంచండి. పిల్లలు విసనకర్ర అనుకుని పట్టుకుపోతారు. ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక పెళ్లిలో పసుపు వేళ్ల గుర్తు పడుతుంది. తుడిచినా మూలన ఒక పచ్చటి మచ్చ ఉండిపోతుంది. వలయంలోకి ఆ మచ్చ వచ్చిందంటే కెమెరా దాన్నీ లెక్కలో వేసుకుని ముఖాల్లో నీలం కలుపుతుంది, మీకు కారణం అంతుపట్టదు. మచ్చపడ్డ కార్డును కడగకండి, తిరగేసి వాడకండి. అదే రోజు పక్కనపెట్టి కొత్తది తీయండి. సంచిలో ఎప్పుడూ రెండు అదనంగా ఉండాలి, ఆ ఖర్చు అడ్వాన్సు తీసుకునేటప్పుడే వేరే పద్దుగా రాయించుకోండి.